కక్కు

పన్నెండేండ్లల్ల సవారమ్మ
నా గిర్నీ గడప తొక్కలే.
ఊరంత తొక్కింది. ఆమె ఒక్కతే
రెండెకరాల రేగడిల, గట్టు మీది కొట్టంల
ఇసుర్రాయితోనే ఎల్లదీసుకుంటుండె.

ఎవరన్నా అడిగితే
"ఉప్పు, అగ్గిపెట్టె. గంతే కొంట" అనేది.
నాకు లోపట మండేది.
కిలోకు నాలుగు రూపాయలు పోతున్నయని గాదు,
ఒక మనిషికి నాతోని పనే లేకపోవుడు
తెగిన బెల్టు లెక్క మొఖాన కొట్టేది.

మొన్న పుష్యంల
కృష్ణ మీదికెల్లి సలి ఊర్లెకు నడిచొచ్చే యాళ్లకు
వచ్చి నిలవడ్డది. నెత్తి మీద గంప లేదు.
"తాయప్పా, నీ గిర్నీ రాయికి కక్కు కొట్టే ఉలి ఉంటది గద,
ఒక్క పూటకిస్తవా?
రాళ్లు కక్కేటోళ్లు ఇటు రాక మూడేండ్లాయె.
జొన్నలు జారుతున్నయి, నలుగుతలేవు."

ఉలి ఇయ్యలే. నేనే పోయిన.
మంది చేతికి ఉలి ఇయ్యనని చెప్పిన.
అబద్ధం. చూడాలనిపించింది.

మడి నా గిర్నీ కొట్టమంత గూడ లేదు.
మెంతి, చుక్కకూర, ఎల్లిగడ్డ.
టమాట నారు మీద పాత పంచె,
నాలుగు మూలల నాలుగు రాళ్లు.
"పొద్దు పొడవంగనే తీసెయ్యాలె,
లేకుంటే దుప్పట్ల పండుడు మరుగుతయి" అన్నది.
సొరపాదు మొదట్ల జొన్నసొప్ప తొడుగు.
నీళ్లు తెల్లారంగనే పోస్తదంట,
బాయి నీళ్లు అప్పుడే ఎచ్చగుంటయని.
శనగచేను మీద రాత్రంత పరిచిన తెల్లబట్ట
పిండితే సీసల పులుపు,
కడుపునొప్పికి, పచ్చిపులుసుకు.
జొన్నకైతే నీళ్లే పెట్టదు.
అది మంచు తాగి పెరుగుతది.

ఇద్దరం కలిసి పై రాయి లేపినం.
బోర్లేస్తే అద్దం.
నలభై ఏండ్లు ఒకదాని మీద ఒకటి తిరిగీ తిరిగీ
రెండు రాళ్లకు కొట్లాట లేకుంటైంది,
అందుకే పిండి లేదు.

నడుమ తూటు కాడికెల్లి అంచు దాక
ఉలితోని తొవ్వలు తీసిన.
మధ్యాహ్నం దాటింది. వేళ్లు కొంకర్లు పోయినయి.
రాతి దుమ్ము కంట్ల పడితే
కొంగు ముడిచి, నోటితోని ఊది, ఎచ్చజేసి అద్దింది.
పిడి మీద రెండు చేతుల అరుగుదల ఉంది.
ఒకటి ఆమెది.
రెండోది ఎవరిదని అడగలే.

మొదటి పిడికెడు పిండి కోళ్లకేసింది, రాతి ఇసుక ఉంటదని.
రెండోదీ కోళ్లకే.
మూడోది నాలుక మీద పెట్టుకొని
పండ్ల నడుమ నూరి, శానసేపు విని
"ఆఁ" అన్నది.

నేను చెయ్యి పెట్టిన.
ఇరవై ఏండ్లు పిండిలనే బతికిన,
కనురెప్పల దాక పిండే,
గని సల్లటి పిండి ఎన్నడు ముట్టలే.
మంచుల తడిసిన ఆకు కింద మన్ను లెక్క ఉంది.

రొట్టె పెట్టింది. ఎల్లిగడ్డ కారం.
పైసలు అడగలే, ఆమె ఇయ్యలే.
శనగ పులుపు సీస చేతిల పెట్టుకుంట
"ఇగ నేను బయట తెచ్చుకునేది
ఉప్పు, అగ్గిపెట్టె..." అని ఆగి
"నీ ఉలి" అని కలిపింది.

తెల్లారి గిర్నీ నడిపిన.
మొగులప్ప బిడ్డ రెండు కిలోల జొన్నలు తెచ్చింది.
గొట్టం కింద పిండి పట్టి చూస్తే
జరమొచ్చిన పోరగాని నొసలు.
ఇన్నేండ్లు ఇట్లనే సంచి మూతి గట్టి పంపిన.

"అమ్మకు చెప్పు బిడ్డా," అన్న,
"ఇంటికి పోంగనే చాటల పోసి ఆరనియ్యమను."